మెసేజ్ రాకుంటే గట్టెక్కండి

శుక్రవారం పొద్దున ఆరు గంటలకు కొంచెం ముందు మా సార్ ప్రొద్దుటూరులో తన ఇంట్లోనే చనిపోయారు. గుండె ఆగింది. ఆ కబురు సార్ కూతురు ఫోన్‌లో చెబుతుండగానే మెసేజ్ వచ్చిన చప్పుడైంది. ఆమె ఫోన్ పెట్టేశాక చూశాను. "ఈ పొద్దు ఏట్లోకి నీళ్లు వదలడం లేదు. సార్." ఆయన ప్రాణం పోయిన గదికి పక్క గదిలో ఉన్న కంప్యూటర్ ఎప్పటిలాగే పంపింది. విలేకరిగా చావు వార్తలు చాలా రాశాను. ఆ రెండు ముక్కలు చదివి భయపడినట్టు ఎప్పుడూ భయపడలేదు.

ఆ మెసేజ్ ఎవరి కోసమో ముందు చెప్పాలి. మాది జమ్మలమడుగు దగ్గర గొర్రెలు మేపే ఇల్లు. నేను పేపర్ పనిలోకి వచ్చాను, మా అన్న మంద వెంట ఉండిపోయాడు. చేలల్లో పైరు ఉన్నన్నాళ్లూ అన్నావాళ్లు గొర్రెలను పెన్న ఏట్లోకి దింపుతారు. ఇసుక నడుమ గడ్డి మొలిచిన దిబ్బలుంటాయి. మేపు అక్కడే, పడక అక్కడే. పైన డ్యామ్ గేట్లు ఎత్తేటప్పుడు ఊళ్లలో దండోరా వేస్తారు. దిబ్బ మీద పడుకున్న మనిషికి అది వినపడదు.

సార్ పులివెందులలో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మా ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చినప్పుడు మాకు నేర్పిందీ ఆయనే. చాలా పిరికి మనిషి. ఈ మాట ఆయన ముందే అనేవాణ్ని, ఆయన కాదనేవారు కాదు. జమ్మలమడుగు బస్సెక్కి కూర్చున్నాక కూడా పక్కాయనను అడిగేవారు, "ఇది జమ్మలమడుగే గదప్పా?" అని. బోర్డు చూశారు కదా సార్ అంటే, "బోర్డు పోయిన ట్రిప్పుది గావచ్చు" అనేవారు.

మా అన్న సంగతి విని, డ్యామ్ నీళ్ల వివరాలుండే వెబ్ పేజీని రోజూ అడిగి, ఎంత వదులుతున్నారో చదివి, గొర్రెల కాపర్ల ఫోన్లకు మెసేజ్ పంపే ప్రోగ్రామ్ ఒకటి రాశారు. వదిలే రోజు మాత్రమే మెసేజ్ వచ్చేట్టు పెడదామనుకున్నారు కానీ, అన్న రోజూ ఒకటి పంపమని అడిగితే సరేనన్నారు. పేజీ పెద్దది, ఆయన ఇంట్లో నెట్ అంతంత మాత్రం. సగం వచ్చి ఆగిపోయేది. అందుకని దాన్ని కుదించి పంపమని సర్వర్‌ను అడగాలనుకున్నారు. నాకు ఇలా చెప్పారు: "ప్రొద్దుటూరులో పత్తిని లారీకెట్ల ఎక్కిస్తారు? నొక్కి బేలు కట్టి గదా. ఇదీ అంతే. బేలు కట్టి పంపమని మనమే అడుగుతాం. వచ్చినాంక ఇప్పుకోవాల."

ఇందులో ఒక మెలిక ఉంది. ప్రోగ్రామ్ రాసేవాడు ఏమీ అనకుండా వదిలేస్తే, ఆయన వాడిన లైబ్రరీ, అంటే ముందే ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రామ్ ముక్క, తానే బేలు అడిగి, తానే విప్పి, చదవగలిగే పేజీ చేతికిస్తుంది. సార్‌కు నమ్మకం చాల్లేదు. అది అడుగుతుందో లేదోనని, అడిగే ఆ ఒక్క వరుసా తన చేత్తో రాశారు. అడిగింది నువ్వు కనుక విప్పుకునేదీ నువ్వేనని లైబ్రరీ ఊరుకుంది. వచ్చిన బేలులో ప్రోగ్రామ్ అంకె కోసం వెతికింది. దొరకలేదు. అంకె లేకుంటే సున్నా అని రాసి పెట్టారు. నీళ్లు లేవని మెసేజ్ వెళ్లింది.

మొదటి మెసేజ్ వెళ్లిన ఆ పొద్దునే గేట్లు ఎత్తారు.

గొర్రెలు మేత ఆపి తలలెత్తాయని, అరికాళ్ల కింద ఇసుక చల్లబడిందని అన్న తర్వాత చెప్పాడు. గేట్ల కబురు విని నేను గట్టుకు చేరేసరికి నడుముల్లోతు నీళ్లలో పొట్టేలు కొమ్ములు పట్టుకుని వస్తున్నాడు. మెడ మీద ఒక గొర్రెపిల్ల ఉంది. మిగతా పిల్లలు దక్కలేదు. సార్ బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చారు.

"నా తప్పప్పా. బేలు వచ్చింది, నేను ఇప్పలేదు" అన్నారు.

అన్న తల తుడుచుకుంటూ, "ఏం బేలు సార్? ఈడ పత్తి యాడుంది?" అన్నాడు.

మావాళ్లలో ఒక అలవాటు ఉంది. మందల దగ్గరికి ఫోన్ వచ్చిందంటే చెడు కబురే. రాలేదంటే అంతా బాగున్నట్టు. సార్ భయమంతా ఆ అలవాటు మీదికి మళ్లింది. "రాకుంటే బాగుందనుకుంటారు మీరు. నా మిషన్ సచ్చినా మెసేజ్ రాదు గదప్పా" అన్నారు. మర్నాటి నుంచి లెక్క తిరగేశారు. నీళ్లు రావని గట్టిగా తెలిస్తేనే ఆరింటికి మెసేజ్. రాకుంటే గట్టెక్కండి, ఎందుకని అడగొద్దు. ప్రోగ్రామ్ ఇప్పుడు ఒకే రకం బేలు అడుగుతుంది. వచ్చినదాని మీద ఏ రకమని రాసుందో చూస్తుంది. కట్టకుండా వస్తే అలాగే చదువుతుంది. వేరే రకమైనా, విప్పేటప్పుడు మధ్యలో తెగినా, లోపలి తేదీ ఆ రోజుది కాకున్నా ఏమీ పంపదు. "తెలీనప్పుడు నోరు మూసుకోవాల, సున్నా అనగూడదు." ఈ మాట మా ఆఫీసులో కుర్ర విలేకరులకు నేను ఇప్పటికీ చెబుతాను, ఎవరిదో చెప్పే చెబుతాను.

మెసేజ్ రాని పొద్దులు కొన్ని ఉన్నాయి. ఎక్కువసార్లు నెట్ పోయి. గొర్రెల్ని ఊరికే ఎక్కించి దింపినందుకు అన్న ఫోన్ చేసి తిట్టేవాడు. "మా పొట్టేలు నయం సార్, మీకంటే ధైర్యముంది." సార్ నవ్వి, "గట్టు మీద నిలబడి తిడతాండావు గదా, తిట్టుకో" అనేవారు.

శనివారం జమ్మలమడుగులో, సార్ అమ్మానాన్నలున్న సమాధుల తోటలోనే ఆయన్ను పూడ్చి ప్రార్థన అయ్యాక అన్న నన్ను పక్కకు పిలిచాడు.

"సార్ పాయె. మెసేజ్ మాత్రం వస్తాండాది."

"మిషన్ పంపుతుందన్నా."

"అది తెలుసులేరా. రాకపోతే?"

"గట్టెక్కాలి. సార్ చెప్పారు కదా."

"సార్ ఉన్నెప్పుడు ఎక్కుతాంటిమి. ఇప్పుడు రాకుంటే ఏమనుకుంటారు మనోళ్లు? సార్ లేడు, ఇంగ యాడినించి వస్తాదిలే అనుకుంటారు. దిబ్బ మీదనే పండుకుంటారు."

సార్ అన్నిటికీ భయపడ్డారు, తన చావును మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

ఆ సాయంత్రం సార్ కూతురుతో కలిసి ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆమె కూడా పులివెందులలో కంప్యూటర్ పాఠాలే చెబుతుంది. పేజీలో నోటీసు చూపించింది. బుధవారం నుంచి పేజీ కొత్త సర్వర్‌కు మారుతుంది.

"కొత్తది నాయన అడిగిన రకం బేలే ఇస్తే సరే అన్నా. ఇంకో రకం ఇస్తే ప్రోగ్రామ్ నోరు మూసుకుంటాది."

"ముందే చూడలేమా?"

"మారేదాకా ఏం చూస్తాం?"

మా అన్న చెప్పిన మాట ఆమెకు చెప్పాను. ఆమె ప్రోగ్రామ్ తెరిచి, మెసేజ్ చివర ఉన్న సార్ అనే మాట పక్కన ఇంకో మాట చేర్చింది, అది "సార్ కూతురు" అయింది. "నేను బతికే ఉండా గదా అన్నా. రాకుంటే ఎక్కమని చెప్పు."

ఆదివారం అన్న మందలన్నీ తిరిగి చెప్పాడు. కొందరు తలూపారు. కొందరు, "ఆయమ్మకు ఏట్లో నీళ్ల సంగతి ఏం తెలుసు?" అన్నారు. డ్యామ్ పైన వానలు పడుతూనే ఉన్నాయి. బుధవారం తన మందను మాత్రం మెసేజ్ చూశాకే దింపుతానని అన్న మాటిచ్చాడు. ఆ పొద్దున ఆకలి మీదున్న గొర్రెలు ఏటి వైపు మూతులు చాచి గట్టు అంచున ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అన్న కర్ర అడ్డం పెట్టుకుని, రెండో చేతిలో ఫోన్ పట్టుకుని నిలబడతాడు.

కొత్త సర్వర్ నుంచి మొదటి జవాబు బుధవారం పొద్దున ఆరు గంటలకు రావాలి.