బావి వంతు, ఎద్దుల వంతు

మొన్న తిరుపతిలో మా మనవరాలు క.సా.గు. లెక్కలు చేస్తూ, రెండు సంఖ్యల గుణిజాలు ఎక్కడ కలిస్తే ఎవరికేం లాభమని విసుక్కుంది. నేను నవ్వి, రోజూలాగే డైరీ ముందు కూర్చున్నాను గానీ, ఆ పూట మనసంతా ఐరాల దగ్గరి మా చేను వైపే పోయింది.

అప్పట్లో మా బావి నాలుగిళ్ల పొత్తు, నాలుగు రోజులకొకసారి నీళ్లు తోడుకునే వంతు మాది. తోలుబానతో నీళ్లు తోడే కపిల తోలడానికి సొంత ఎద్దులు లేవు. మేనమామల జత ఆరు రోజులకొకసారి మాకొచ్చేది. ఆ ఏడాది వంతులు కొత్తగా వేసుకుంటే బావి నాలుగో రోజున, ఎద్దులు ఐదో రోజున మాకు పడ్డాయి. ఒక్కరోజే కదా తేడా, తిరిగి తిరిగి ఎక్కడో ఒకచోట కలవకపోతాయా అని నాయన ఎదురుచూశాడు. ఈలోగా పూతకొచ్చిన వేరుశనగ మధ్యాహ్నానికి ఆకు ముడుచుకునేది. అమ్మ కుండలతో మోసి పోసిన నీళ్లు సాలు చివరికైనా చేరేవి కావు.

ఎనిమిదో తరగతి చదివే మా అక్క ఒక సాయంత్రం అరుగు మీద ముగ్గుపిండితో రోజులకు గళ్లు గీసి, బావి వంతుకు చింతగింజ, ఎద్దుల వంతుకు గులకరాయి పెట్టుకుంటూ పోయింది. అరుగు అయిపోయింది గానీ రెండూ ఒక్క గడిలోనూ పడలేదు.

"ఎన్ని దినాలు కాసుకున్నా ఇవి కలవవు నాయనా. నాలుక్కీ ఆరుకీ రెండు ఉమ్మడి కారణాంకం. బావి ఎప్పుడూ సరి దినమే, ఎద్దులు బేసి దినమే. బావి ఒక్క దినం జరిగిందంటే, పన్నెండు దినాలకోసారి రెండూ కలుస్తాయి."

బావి దగ్గర మా వంతుకు మర్నాటి వంతు పెదనాయనది. అక్కే వెళ్లి అడిగింది.

"మీకు ఎద్దులు కుదరకుంటే నా బావి దినం జరపమంటుండావా పాపా?" అని గదమాయించిన పెదనాయన, వెనకాల నిలబడిన నాయన ముఖం చూసి మెత్తబడ్డాడు. "సరే, తీసుకోప్పా. మీ చెనిక్కాయలు ఎండిపోతే నా సంగటిలోకి ఊరిబిండి యాడినుంచి వస్తాది?"

తన రోజు మాకిచ్చి, మా రోజు తాను తీసుకున్నాడు. ఆ వంతుకే కపిల కదిలింది. కాలువలో నీళ్లు పారుతుంటే అమ్మ కుండ బోర్లించి గట్టు మీద కూర్చోవడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ఆ పంట చేతికొచ్చింది.

ఇప్పుడక్కడ ఎవరి బోరు వాళ్లది. మంచిదే, అమ్మల నడుములకు బరువు తప్పింది; మరొకరి కోసం తన రోజు జరుపుకోవలసిన పనీ తప్పింది. పుత్తూరులో ఉన్న అక్కను చూద్దామని నెలలుగా అనుకుంటున్నాను, ఆమెకు తీరిన రోజు నాకు ఆస్పత్రి, నాకు తీరిన రోజు ఆమెకు ఇంకేదో పని. ఈసారి ఆస్పత్రి పని ఒక రోజు వెనక్కి జరిపి, డైరీలో రేపటి పుటలో పుత్తూరు అని రాసుకున్నాను.