అమావాస్య నాడు ఎక్కించిన వెర్షన్

నాకు ఇరవై నాలుగేళ్ళున్న ఆ కాలంలో నేను నమ్మని విషయాలు చాలా ఉండేవి. చదవని విషయాలు అంతకంటే ఎక్కువే ఉండేవి. మొదటి సంగతి ఊరందరికీ చెప్పుకుని తిరిగేవాణ్ణి. రెండోది ఉన్నట్టు నాకే తెలియదు. కోరుట్లలో ప్రతి ఆదివారం పొద్దున ఓ గ్రంథాలయం వెనక గదిలో పది పదిహేను మందిమి కూడి మూఢనమ్మకాల మీద వాదించుకునేవాళ్ళం. వాదించుకునేవాళ్ళం అంటున్నాను గానీ అవతలి పక్షం ఎన్నడూ రాలేదు. గదిలో లేని ప్రత్యర్థిని ప్రతి వారం చిత్తుగా ఓడించి, చాయ్ తాగి, ఎవరి బస్సు వాళ్ళం ఎక్కేవాళ్ళం. నాది రాయికల్ బస్సు. అక్కడ మా నాయన తాటిచెట్లు ఎక్కేవాడు. ఎక్కే ముందు రోజూ చెట్టుకు దండం పెట్టి, నడుముకు కట్టిన మోకును మూడుసార్లు గట్టిగా గుంజి చూసుకునేవాడు. చెట్టుకు దండం ఎందుకని నేను ఆయనతో చిన్నప్పటి నుంచీ తగాదా పడ్డాను. మోకును ఎందుకు గుంజుతున్నావని ఒక్కసారి కూడా అడగలేదు.

ఉద్యోగం జగిత్యాలలో. ఓ బట్టల దుకాణం మీది అంతస్తులో రెండు గదుల ఆఫీసు, నలుగురం మనుషులం, గోడకు ఓ పెద్ద తెలుగు క్యాలెండరు. ఆ క్యాలెండరులో తిథి చూడకుండా మా సారు ప్రింటర్‌లో కాగితం కూడా మార్చేవాడు కాదు (కొంచెం పెంచి చెప్తున్నాను, ఎక్కువ కాదు). మాకున్న గిరాకీల్లో పెద్దది సిరిసిల్లలోని ఓ నేత సంఘం. అక్కడ మరమగ్గాలను సాంచాలు అంటారు, వాటిని నడిపించుకునే చిన్న యజమానులను ఆసాములు అంటారు. ఏ ఆసామి కార్ఖానాకు ఏ బీము పోవాలో చీటీలు తీసే ప్రోగ్రాం మాది. బీము అంటే కొన్ని వేల పడుగు పోగులు చుట్టిన బరువైన రోలరు. మా ప్రోగ్రాంకు బొమ్మలూ బటన్లూ లేవు. నల్ల తెర మీద ఓ వరుస టైపు చేసి ఎంటర్ కొడితే చీటీ వస్తుంది. చీటీ మీద కార్ఖానా నంబరు, గోదాంలో బీము ఉన్న అర నంబరు ఉంటాయి. హమాలీలు ఆ నంబరు చూసి బీమును బండికెత్తుతారు. అంతే. దాన్ని పైథాన్‌లో రాశాం. ఇట్లాంటి నల్ల తెర ప్రోగ్రాములు కట్టుకోవడానికి ఎవరో పుణ్యాత్ములు (అలవాటుగా పడిన మాట, మన్నించాలి) తయారుచేసి లోకానికి ఉచితంగా ఇచ్చిన ఓ ఫ్రేమ్‌వర్కు మీద రాశాం. మేం వాడుతున్నది దాని రెండో వెర్షన్, అందులోనూ పాతది. లోకం అప్పటికే మూడుకు పోయింది.

సంఘం ఆఫీసులో ఆ నల్ల తెర ముందు కూర్చునేది ఒకే మనిషి. ఆమెను అందరూ చీటీలక్క అనేవారు. తంగళ్ళపల్లి నుంచి రోజూ ఆటోలో వచ్చేది. భర్త మస్కట్‌లో ఉండేవాడు. ఆ కుర్చీ ఆమెకు జీతం ఒక్కటే కాదు, అంతమంది మగవాళ్ళ నడుమ సంపాదించుకున్న మర్యాద. పొద్దున రాగానే అగరుబత్తి వెలిగించి మానిటర్ చుట్టూ మూడుసార్లు తిప్పేది. తర్వాత తెర మీద టైపు చేసి ప్రోగ్రాం వెర్షన్ ఎంతో అడిగి, వచ్చిన అంకెను నోటుబుక్కులో రాసేది. ఆ తర్వాత ఓ ఉత్తుత్తి చీటీ తీసేది. ఎప్పుడూ అదే చీటీ, ఒకటో నంబరు కార్ఖానాకు నీలం బీము. దాని మీద వచ్చిన అర నంబరును వెర్షన్ పక్కన రాసి, చీటీని చించి బుట్టలో వేసేది. నీలం బీములుండే అర ఏడు కాబట్టి మూడేళ్ళ నోటుబుక్కు నిండా ఏడు, ఏడు, ఏడు. రామకోటి రాసినట్టు ఏడుకోటి రాస్తున్నావా అక్కా అని నేను ఎగతాళి చేస్తే, "రాస్తె ఏం పోతది తమ్మీ" అనేది. అగరుబత్తిని, నోటుబుక్కును నేను ఒకే సంచిలో వేశాను. రెండూ పూజే అనుకున్నాను.

మూడో వెర్షన్‌కు మారాలని నిర్ణయమైన రోజు సారు క్యాలెండరు ముందు నిలబడి, శుక్రవారం అమావాస్య కాబట్టి ఆ తర్వాతి వారం పెట్టుకొమ్మన్నాడు. నాలో ఏదో భగ్గుమంది. శుక్రవారమే చేస్తాను, అదీ పదిన్నర దాటాక రాహుకాలంలోనే చేస్తాను అన్నాను. అంతటితో ఆగక ఆదివారం కోరుట్లలో లేచి నిలబడి, ఇది ప్రయోగమనీ, వచ్చే ఆదివారం ఫలితం ప్రకటిస్తాననీ చాటాను. చప్పట్లు కొట్టారు. అంత మంది చప్పట్లు కొట్టాక ఇక ప్రయోగం చేయనవసరం లేదేమో అన్నంత ధీమా వచ్చింది. సారు మాత్రం, "నీ ఇష్టం, నాకైతె చెప్పలే అనకు" అని ఊరుకున్నాడు.

పాత వెర్షన్ నుంచి కొత్తదానికి ఎట్లా మారాలో ఆ ఫ్రేమ్‌వర్కు వాళ్ళు పెద్ద వ్యాసమే రాసి పెట్టారు. అందులో మొదటి మాట ఏమిటంటే, నేరుగా మూడుకు దూకవద్దు. ముందు రెండో వెర్షన్‌లో ఆఖరుదానికి రండి. మీ ప్రోగ్రాంను దాని మీద నడపండి. మున్ముందు మారబోయే ప్రతి పద్ధతి గురించీ అది హెచ్చరిక చూపిస్తుంది. ఒక్కొక్కటీ సరిచేసుకుని, హెచ్చరికలన్నీ పోయాక మూడు ఎక్కించండి. ఇది చదివి నేను నవ్వుకున్నాను. ముందు ఈ పూజ, తర్వాత ఆ పూజ, అటు తర్వాత అసలు వ్రతం అని చెప్పే పురోహితుడి గొంతే నాకు అందులో వినిపించింది. ప్రతి మెట్టుకూ కారణం కింద వివరంగా రాసి ఉంది. ఆ కింది భాగం చదవలేదు. మెట్ల జాబితా చూడగానే అది తంతు అని తేల్చేశాను. కారణం చెప్పే తంతును తంతు అనరన్న ఇంగితం లేకపోయింది.

శుక్రవారం సిరిసిల్లలో రాహుకాలం మొదలవగానే నేరుగా మూడు ఎక్కించాను. మొదట కొన్ని పేర్లు దొరకడం లేదని మొరాయించింది. కొత్త వెర్షన్‌లో ఆ పేర్లు మారాయి, మార్చాను. నడిచింది. రంగు చెప్పకుండా ఓ చీటీ తీసి చూశాను. రంగు చెప్పకపోతే తెల్ల బీము అని మా సెట్టింగ్స్ ఫైలులో రాసి ఉంటుంది. సిరిసిల్లలో ఎక్కువ నేసేది తెల్లగుడ్డే కాబట్టి. తెల్లదాని అర రెండు, చీటీ మీద రెండు వచ్చింది. జయం అనుకున్నాను. అక్క నోటుబుక్కు తీసి తన ఉత్తుత్తి చీటీ కొట్టబోయింది. ఈ ఒక్క రోజైనా ఆ పూజ మానక్కా, కొత్తదానికి అవసరం లేదు అన్నాను. అక్క ఓ క్షణం ఆలోచించింది. అగరుబత్తి మాత్రం ఆపేది లేదని, కావాలంటే నీ కోసం నోటుబుక్కు ఆపుతానని చెప్పింది. సగం విజయమైనా విజయమే అనుకున్నాను. (రెంటిలో ఏది ఆపమనాలో ఆ రోజు నన్నెవరైనా అడిగి ఉంటే బాగుండేది.)

ఆ మధ్యాహ్నం బడి పిల్లల యూనిఫాం గుడ్డకు ఎనిమిది కార్ఖానాలకు నీలం బీములు పోవాలి. అక్క ఎనిమిది చీటీలు తీసి, నోటుబుక్కులో రాసేది లేదు కాబట్టి అర నంబరు కేసి చూడకుండానే హమాలీలకు ఇచ్చేసింది. సాయంత్రం ఐదు దాటాక ఓ పెద్ద వయసు ఆసామి పిడికెడు దారపు పోగులు పట్టుకుని ఆఫీసులోకి వచ్చాడు. పోగులు తెల్లగా ఉన్నాయి. ఆయన వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. ఎనిమిది కార్ఖానాలకూ తెల్ల బీములే పోయాయి. నీలం రావాలి గదా అని పనివాళ్ళు అడిగారట. చీటీ గట్లనే ఉంది, ఆమె చీటీ ఎన్నడు తప్పలే, అతుకుండ్రి అన్నాడట ఈ ఆసామి. మగ్గం మీద మిగిలిన పాత పోగు చివరకు కొత్త బీము పోగును ఒక్కొక్కటిగా వేళ్ళతో మెలివేసి అతకాలి. వేల పోగులు. సగం పూట అట్లా అతికినదంతా ఇప్పుడు కోసెయ్యాలి.

సంఘం సెక్రటరీ అక్కను ఏం కొట్టినవని అడిగాడు. "నీలమే కొట్టిన సార్" అంది అక్క. ఆయన నా వైపు తిరిగాడు. ప్రోగ్రాం తప్పా అన్నాడు. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాటను ఇన్నేళ్ళలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. "ప్రోగ్రాంల ఎర్రర్ ఏం రాలే సార్. టైపింగ్‌ల ఏమన్న..." అని వాక్యాన్ని అక్కడే వదిలేశాను. మిగతా సగం గదిలో ఉన్నవాళ్ళు పూరించుకున్నారు. రేపు కమిటీ కూర్చుంటుందని, ఆ కుర్చీలో ఇంకెవరినైనా చూడాల్సి వస్తుందేమోనని సెక్రటరీ అన్నాడు. అక్క నన్ను చూడలేదు. నోటుబుక్కు మూసి సొరుగులో పెట్టింది.

జగిత్యాల బస్సులో కూర్చుని ఫోనులో ఆ వ్యాసం కింది భాగం తెరిచాను. నాలుగో పేరాలో ఉంది. ఇదివరకు మనిషి టైపు చేసిన మాటకు, సెట్టింగ్స్ ఫైలులో రాసి ఉన్న మాటకు తేడా వస్తే మనిషి మాటే నెగ్గేది. కొత్త వెర్షన్‌లో, ప్రత్యేకంగా అడిగితే తప్ప, ఫైలులో రాసిందే నెగ్గుతుంది. మధ్య వెర్షన్ ఎక్కించి ఉంటే ఈ సంగతి హెచ్చరికగా తెర మీదే కనిపించేది. అంటే ఎదురుగా కూర్చున్న ఆడమనిషి ఎనిమిదిసార్లు నీలం, నీలం అని చెప్పింది. ప్రోగ్రాం ఆమె మాట వినకుండా ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన తెలుపునే పట్టుకుంది. బతికున్న మనిషి మాట కంటే రాసిపెట్టిన మాటే గొప్పదా అని రెండేళ్ళుగా కోరుట్లలో బల్ల గుద్ది అడిగినవాణ్ణి నేను. ఆ దౌర్జన్యాన్ని నా చేతులతోనే, రాహుకాలం చూసి మరీ, సిరిసిల్లలో ప్రతిష్ఠించి వచ్చాను.

తప్పు ఎక్కడుందో తెలిసింది, కానీ దాన్ని చెప్పడమే కష్టం. నాదని ఒప్పుకుంటే అమావాస్య గెలుస్తుంది. ఒప్పుకోకపోతే అక్క కుర్చీ పోతుంది. ఈ రెంటినీ నేను తూకం వేశాను. వేయకూడదు, వేశాను. చడీచప్పుడు లేకుండా సరిచేసి, దానంతటదే బాగైందని చెప్పే ఉపాయం కూడా ఆలోచించాను. మధ్యలో ఎక్కడో, ఆమె నోటుబుక్కు మూసిన తీరు గుర్తొచ్చి ఆ ఆలోచన ఆగిపోయింది.

శనివారం కమిటీ కూర్చుంది. మా సారు కూడా వచ్చాడు. నేను లేచి తప్పు అక్కది కాదు, నాది అని చెప్పాను. చదవాల్సింది సగమే చదివానని, ఉత్తుత్తి చీటీని నేనే ఆపించానని, నిన్న ఇక్కడ నేనన్న మాట అబద్ధమని చెప్పాను. తర్వాత ఆ పెద్ద ఆసామి తృప్తిగా తల ఊపి, "అమాస నాడు పెట్టుకుంటె గిట్లనే అయితది" అన్నాడు. అందరి ముఖాల్లో వెలుగు వచ్చింది. అందరికంటే ఎక్కువగా మా సారు ముఖంలో. నా ఒప్పుకోలే వాళ్ళకు సాక్ష్యమైంది, ఇక నేనేం వాదించను?

"అమాస గాదు మామా" అంది అక్క. శనివారం ఆమెకు ఒక్కపొద్దు, పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు. లేచి కంప్యూటర్ ముందు కూర్చుంది. "ఇయ్యాల పాడ్యమి. తమ్ముడు కొత్తదాన్ని నిన్నటి నుంచి ముట్టలే. సూడుండ్రి."

నోటుబుక్కు తెరిచి వెర్షన్ రాసింది. ఉత్తుత్తి చీటీ తీసింది. ఒకటో నంబరు కార్ఖానా, నీలం. అర నంబరు రెండు. అది రాసి, పాతది పెట్టమంది. పెట్టాను. ఏడు వచ్చింది, రాసింది. మళ్ళీ కొత్తది పెట్టమంది. రెండు. కమిటీ అంతా ఆమె కుర్చీ వెనక మూగింది. మూడేళ్ళ ఏడుల కింద ఆ రోజు రెండు, ఏడు, రెండు అని ఉంది. అక్క పెన్ను మూత పెట్టి ఆసామి వైపు తిరిగింది.

"పాడ్యమి నాడు గూడ గంతే అచ్చింది. చెయ్యని తప్పు అమాస మీద ఎయ్యొద్దు మామా, పాపం తగుల్తది." నా వైపు చూసి, "నువ్వు సగం సదివి ఎక్కించినవ్, గంతే" అంది.

కుర్చీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం తంగళ్ళపల్లిలో ఆ ఆసామి కార్ఖానాకు పోయి పోగులు అతుకుతానని కూర్చున్నాను. పనివాళ్ళు నా వేళ్ళను కొంతసేపు ఓపికగా చూసి, లేచి పక్కకు జరుగు బిడ్డా, పని ఆగుతుంది అన్నారు. తర్వాతి వారం మధ్య వెర్షన్ ఎక్కించాను. తెర నిండా హెచ్చరికలు వచ్చాయి. ఒక్కొక్కటీ కారణంతో సహా చదివి సరిచేసి, ఏడు వచ్చేదాకా ఆగి, అప్పుడు మూడుకు పోయాం. అంతకు ముందే, కమిటీ కూర్చున్న మర్నాడు ఆదివారం, కోరుట్లలో ప్రయోగ ఫలితం అడిగారు. ప్రయోగం దివ్యంగా జరిగిందని, చేసింది మాత్రం నేను కాదని చెప్పాను. ఆమెను ఓ ఆదివారం వచ్చి మాట్లాడమని పిలిచాను కూడా. ఆదివారం నల్లా నీళ్ళు వస్తాయి, తీరదు తమ్మీ అంది.

ఇప్పటికీ నేను అమావాస్యను నమ్మను. దాని మీద నేను రాసిన వ్యాసాల్లో నిప్పు ఏమీ తగ్గలేదు. కానీ ప్రోగ్రాం వెర్షన్ మార్చే ముందు ఓ ఉత్తుత్తి చీటీ తీసి, వచ్చిన అంకెను నోటుబుక్కులో రాస్తాను. మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, చురుకైనది, నోట్లో నాలుకున్నది, నా భుజం మీదుగా తొంగి చూసి ఇదేం మొక్కు సార్ అని నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా తెలిసినదే. ఒకప్పుడు నా ముఖం మీద ఉండేది. చాలా పెద్ద జవాబు నోటి దాకా వచ్చింది, మోకు దగ్గర మొదలై సిరిసిల్ల దాకా పోయేది. మింగేసి, అంకె రాయడం పూర్తిచేశాను.

"రాస్తె ఏం పోతది బిడ్డా" అన్నాను.