మేడ్చల్‌లో సముద్రానికి జబ్బు చేసినప్పుడు

ఆ రోజుల్లో మేడ్చల్‌లో మాకు సముద్రం అంటే బడి గోడకు వేలాడే పటం మీద నీలిరంగు, బైబిల్లో మోషే చెయ్యి చాపితే పాయలైన నీళ్ళు, వంటింటి కుండలో ఉప్పు. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు. శామీర్‌పేట చెరువు అలుగు పారగా చూసినవాడే మా ఊళ్ళో పెద్ద నీళ్ళు చూసినవాడి కింద లెక్క. నేనప్పుడు మిషన్ వాళ్ళ ఆడపిల్లల బడిలో కొత్తగా చేరిన టీచరమ్మని. చీర కొంగు భుజం మీద పిన్నుతో బిగించి, చేతిలో బెత్తంతో (అది పటం చూపించడానికే తప్ప పిల్లల్ని కొట్టడానికి కాదని మా పెద్ద టీచరమ్మ షరతు) "సముద్రం భూమిని మూడు వంతులు ఆక్రమించి ఉన్నది" అని మహా గంభీరంగా చెప్పేదాన్ని. ఆ మూడు వంతుల్లో నువ్వు ఒక్క దోసెడైనా చూశావా టీచరమ్మా అని ఏ పిల్లా అడగలేదు కాబట్టి నా పరువు నిలబడింది. అలాంటి నన్ను వెతుక్కుంటూ, మా ఇంటి అరుగు మీదికి, సముద్రమే రైలెక్కి వచ్చింది.

తెచ్చినవాడు మా చిన్నాయిన. మా నాయిన మేడ్చల్ స్టేషన్‌లో పట్టాలు మార్చే పనిలో ఉండేవాడు. ఆయన తమ్ముడు చిన్నాయిన రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక విశాఖపట్నం రేవులో గుమాస్తా పని దొరికిందని వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు అతని నవ్వు స్టేషన్ అవతలికి వినిపించేది. వచ్చేటప్పుడు వేరే మనిషి వచ్చాడు. రేవులో ఏదో పేలి, పక్కనున్న గోడ కూలి, ఇద్దరు తోటివాళ్ళు పోయారట. ఇతనికి ఒక చెవి వినబడకుండా పోయింది. బండి దిగినప్పుడు ఒళ్ళో పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒక పెద్ద గుండ్రటి గాజు తొట్టి పట్టుకుని దిగాడు, దానిమీద తడి గోనెసంచి. పక్కనే నీళ్ళ డబ్బా. సికింద్రాబాద్‌లో బండి మారినప్పుడు కూలీ చేతికి కూడా ఇవ్వలేదట. కొడుకు వచ్చాడని పరుగెత్తుకొచ్చిన అవ్వ ముందు అతని మొహం నిమిరింది, తర్వాత గోనె ఎత్తి చూసింది.

"గిదేందిరా? రాయా? రాయి మీద కుళ్ళిన వంకాయా?"

"జర ఆగవే అమ్మా, బెదిరింది. సల్లబడినంక ఇప్పుకుంటది," అన్నాడు చిన్నాయిన. ఆ రోజు అతను మాట్లాడిన మాటలు అన్నీ కలిపి అంతే.

మేమంతా తొట్టి చుట్టూ కూర్చున్నాం. చాలాసేపు ఏమీ జరగలేదు. నాయిన విసుగొచ్చి బీడీ వెలిగించుకోబోయాడు. అప్పుడు ఆ వంకాయ కొసన చిన్న బొడ్డులాంటిది కదిలింది. లోపల్నించి ఒక్కొక్కటే సన్నటి వేళ్ళు బయటికొచ్చాయి. లేత ఆకుపచ్చ రంగు, చివర ఊదా. అవి సాగి, వంగి, ఒళ్ళు విరుచుకుని, చూస్తుండగానే మా అరచేతికంటే పెద్ద పువ్వయ్యాయి. గాలి లేదు, అయినా అవి ఊగుతున్నాయి. నాయిన బీడీ వెలిగించడం మర్చిపోయి అగ్గిపుల్ల వేళ్ళదాకా కాలనిచ్చాడు. బడిలో నేను బెత్తంతో తాకే నీలిరంగు కింద ఇలాంటివి ఉంటాయని ఎవరూ చెప్పలేదే! చిన్నాయిన డబ్బాలోంచి చచ్చిన చిన్న రొయ్యను తీసి ఒక పుల్లతో ఆ వేళ్ళకు అందించాడు. వేళ్ళన్నీ ఒక్కసారి ముడుచుకుని, రొయ్యను నడిమధ్యకు తోసి, మింగేశాయి. అవ్వ కెవ్వుమని అరిచి నాలుగడుగులు వెనక్కి దూకింది. (అప్పటిదాకా మోకాళ్ళ నొప్పులని నన్ను నీళ్ళకు పంపిన మనిషి.)

"పువ్వు కూర తిన్నదే! ఓ ప్రభువా, పువ్వు కూర తిన్నది!" (మా వైపు కూర అంటే మాంసం.)

దాన్ని పుస్తకాల్లో సీ ఎనిమోన్ అంటారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మా ఇంట్లో అది సముద్రపు పువ్వు. చూడటానికి పేటంతా వచ్చింది. మా చర్చి పాస్టరయ్య కూడా వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుని, వంగి చూసి, పెద్ద సందేహంలో పడ్డాడు. దేవుడు మొక్కల్ని మూడో దినాన చేశాడు, నీళ్ళలో జీవుల్ని ఐదో దినాన చేశాడు. మరి ఇది ఏ దినానిది? "పువ్వయితే మూడు, తింటది గనక ఐదు," అని తనలో తాను అనుకుంటూ అరుగు మీద కూర్చుని చాయ్ రెండుసార్లు తాగాడు. "నాలుగో దినం అనుకోండి అయ్యా, మధ్యల ఉంటది," అని అవ్వ సర్దిచెప్పబోయింది. నాలుగో దినాన సూర్యచంద్రుల్ని చేశాడమ్మా అని ఆయన దిగులుగా చెప్పాడు.

అందరూ పువ్వును చూస్తే అవ్వ మాత్రం కొడుకును చూసేది. చిన్నాయిన ఎవరితోనూ కలిసేవాడు కాదు. తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడి చెమటలు పట్టి కూర్చునేవాడు. కంచంలో అన్నం కలిపి అలాగే వదిలేసేవాడు. కానీ అంగడి రోజున శామీర్‌పేట నుంచి చేపలు అమ్మే అక్క తడి గుడ్డలో చిన్న రొయ్యలు తెచ్చి ఇస్తే, వాటిని పువ్వుకు తినిపించి, అది తిన్నాక తానూ రెండు ముద్దలు తినేవాడు. ఇది ముందు కనిపెట్టింది అవ్వే. "గది తింటేనే గీడు తింటుండు. దాన్ని మంచిగ జూడు బిడ్డా," అని నాకు వంటింట్లో చెవిలో చెప్పింది. ఒకసారి చిన్నాయినే నాకు చెప్పాడు. ఆ పేలుడు తర్వాత అతను రేవు పక్క బండల మీద పోయి కూర్చునేవాడట. అల వెనక్కి పోయినప్పుడు బండల సందున నిలిచిన నీళ్ళలో ఈ పువ్వు ఉండేదట. "అల వచ్చి కొడితే ముడుసుకునేది. పోయినంక మల్ల ఇప్పుకునేది. రోజంత గదే పని. దానికి బుగులు లేదా, భయం గాదా అని సూస్తా కూసుంటుంటి," అన్నాడు.

ఎండాకాలం వచ్చింది. మేడ్చల్ ఎండలు తెలిసినవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు, బావిలో తాబేలు కూడా నిట్టూర్చే ఎండలు. తొట్టిలో నీళ్ళు రోజురోజుకూ తగ్గుతున్నాయి. నీళ్ళు తగ్గితే మళ్ళీ పోయాలి గదా! సముద్రం నీళ్ళు ఉప్పన కాబట్టి ఉప్పునీళ్ళే పోయాలి గదా! ఇంత తెలివైన ఆలోచన నాదే. బావినీళ్ళలో రాళ్ళ ఉప్పు కలిపి, గుడ్డలో వడగట్టి, టీచరమ్మ హోదాలో నేనే పోసేదాన్ని. ఎంత పోసినా పువ్వు డీలా పడసాగింది. మొదట రంగు పోయింది. తర్వాత వేళ్ళు నానిన సేమియాల్లా వేలాడాయి. నోరు ఉబ్బి తెరుచుకుంది, ఒంటిమీద తెల్లటి జిగురు పట్టింది. ఆకలేమో అని రొయ్య ఇస్తే పట్టుకోలేదు, ఆ రొయ్య అక్కడే కుళ్ళి వాసన వేసింది. సముద్రం తగ్గిందేమోనని ఇంకో పిడికెడు ఉప్పు వేశాను. చిన్నాయిన ఒకసారి తొంగి చూసి, పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక లేవలేదు. గంజి తెస్తే వద్దన్నాడు. పాలు తెస్తే వద్దన్నాడు. అవ్వ చర్చికి పోయి పాస్టరయ్యను ప్రార్థన చేయమంది. ఎవరి కోసం అని ఆయన అడిగితే "ఇద్దరి కోసం అయ్యా, ముందుగాల పువ్వు కోసం జేయండి, పోరడు వానంతట వాడే లేస్తడు," అంది. ఆయన మంచివాడు, ఏ దినానిదో తేలకపోయినా ప్రార్థన చేశాడు.

నేను పొయ్యి మీద చింతపులుసు పెట్టి, మనసంతా తొట్టి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. పులుసు మరిగి మరిగి సగానికి ఇగిరింది. నాలుక మీద వేసుకుంటే ఉప్పు విషం! ఉప్పు నేను ఒక్కసారే వేశాను, అది బాగా గుర్తు. తిట్లు పడకముందే గబగబా చెంబెడు నీళ్ళు పోసి కలిపి మళ్ళీ రుచి చూశాను. సరిపోయింది. గరిటె అలాగే చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. ఆవిరైపోయింది నీళ్ళే. ఉప్పు ఎక్కడికీ పోలేదు. మరి తొట్టిలో? ఎండకు నీళ్ళు పోతే ఉప్పు అక్కడే ఉండగా, నేను రోజూ దానిమీద ఇంకా ఉప్పు పోస్తున్నానా? పరుగెత్తి తొట్టి నీళ్ళు వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంటే ఒళ్ళంతా జలదరించింది. అయితే ఎంత తగ్గించాలి? సముద్రం ఎంత ఉప్పన ఉంటుందో ఆ ఇంట్లో తెలిసిన నాలుక ఒక్కటే ఉంది. అది గోడవైపు తిరిగి పడుకుంది.

చెంచాలో తొట్టి నీళ్ళు పట్టుకుని పోయి, వినబడే చెవి వైపు వంగాను. "చిన్నాయినా, జర నోరు తెరువు."

"నాకొద్దు బిడ్డా. ఆకలి లేదు."

"తిండి గాదు. సముద్రం."

అతను కళ్ళు తెరిచి నావైపు అయోమయంగా చూశాడు. ఆ సందులో చెంచా నోట్లో పెట్టేశాను. మరుక్షణం మంచం మీంచి ఎగిరి కూర్చుని తూ తూ అని ఉమ్మాడు. "ఏందే గిది! గింత ఉప్పా! సముద్రం గిట్లుంటదా? చేపలన్ని ఆవకాయ అయితయి! ఎవరు కలిపిండ్రే గీ నీళ్ళు?"

"నేనే. ఎట్లుంటదో నువ్వు లేసి చెప్పు మరి."

లేచాడు. రోజుల తర్వాత మంచం దిగి, గోడ పట్టుకుని, తూలుతూ తొట్టి దగ్గరికి వచ్చాడు. ఒక్కసారే మంచినీళ్ళు పోస్తే పువ్వుకు దెబ్బ అని, చెంబుతో కొంచెం కొంచెంగా పోయించాడు. పోసినప్పుడల్లా రుచి చూసి "ఇంక జర" అనేవాడు. మధ్యలో నాలుక మొద్దుబారిందంటే అవ్వ సంతోషంగా అన్నం ముద్ద పెట్టేది, రుచి తెలియాలంటే తినాలి గదా అని. సముద్రం కోసం మా చిన్నాయిన ఆ రోజు రెండు కంచాల అన్నం తిన్నాడు. జిగురును కోడి ఈకతో తుడిచాం, కుళ్ళిన ముక్కలు ఏరి పారేశాం, తొట్టిని ఎండ తగలని మూలకు మార్చి చుట్టూ తడిగుడ్డ కట్టాం. అలలు లేక ఊపిరాడట్లేదేమో అని గరిటెతో నీళ్ళు ఎత్తి ఎత్తి పోశాం. నాయిన తనకు తెలిసిన ఒక గార్డును బతిమాలి, వచ్చే బండ్ల మీద చేతులు మార్పిస్తూ అసలు సముద్రపు నీళ్ళు ఒక డబ్బాడు తెప్పించాడు. వచ్చేసరికి సగమే ఉంది. దారిలో ఎవరో పాపం మంచినీళ్ళనుకుని చాయ్ కాచుకున్నారట. ఆ చాయ్ తాగినవాళ్ళ మొహాలు తలుచుకుని చిన్నాయిన నవ్వాడు. చిన్న నవ్వే, కానీ అవ్వ విని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇంత చేసినా పువ్వు ఒకనాడు రాయి వదిలేసి తలకిందులుగా నీళ్ళలో తేలింది. అవ్వ గొయ్యి తవ్వే చోటు కూడా చూసింది. చిన్నాయిన మాత్రం "ఉండనియ్యండ్రి. కుళ్ళు వాసన వస్తలేదు," అన్నాడు. అది అలా తేలుతూ, అడుగున పడుతూ, గాజును అంటుకుంటూ, జరుగుతూ ఎన్ని రోజులు గడిపిందో. ఎవరమూ గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి చూస్తే అది గాజు గోడకు గట్టిగా పట్టుకుని, పూర్తిగా విప్పుకుని ఉంది. అదే ఆకుపచ్చ, అదే ఊదా. చిన్నాయిన వేలు ముంచి తాకితే వేళ్ళన్నీ వేలిని అంటుకున్నాయి. "పట్టుకుంటాంది బిడ్డా, గట్టిగ పట్టుకుంటాంది," అన్నాడు. నేను పక్కనుంచి చూస్తూ ఉంటే గాజు మీద ఏదో మరకలు కనిపించాయి. జబ్బులో అది జరిగిన దారి పొడుగునా ఆవగింజంత చుక్కలు. ఉప్పేమో తుడుద్దామని చేయి పెట్టబోయి ఆగాను. ఒక్కో చుక్కకు వెంట్రుకల్లాంటి వేళ్ళు ఉన్నాయి, అవి ఊగుతున్నాయి. చావుబతుకుల మధ్య పాకుతూ అది వదిలిపోయిన ఒంటి తునకలు, ఒక్కొక్కటీ ఒక్కో పువ్వయింది. నేను పిలవకుండానే అందరూ దగ్గరికి వచ్చారు. అవ్వ చర్చిలో కప్పుకున్నట్టు తలమీద కొంగు కప్పుకుంది. పెద్ద చదువు చదివానని అనుకునే నేను కూడా ఆమెను చూసి కప్పుకున్నాను. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను, కప్పుకోకుండా ఉండలేకపోయాను.

వానలు పడ్డాక చిన్నాయిన మళ్ళీ రేవుకు పోతానన్నాడు. అక్కడ పని ఉంది, బండలు ఉన్నాయి, వీటిని వాటి ఇంట్లో దింపాలి అన్నాడు. అవ్వ ఏడుస్తుందని అనుకున్నాం. ఏడవలేదు. చింతకాయ పచ్చడి జాడీ కట్టి ఇచ్చి, తొట్టి మీద తడి గోనె తానే సర్ది, స్టేషన్ దాకా వచ్చింది. బండి కదిలేటప్పుడు కిటికీ పట్టుకుని గట్టిగా, వినబడే చెవికి చెప్పింది: "పైలం కొడుకా. గా సముద్రాన్ని నేను అడిగిన అని జెప్పు."

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, కానీ అవ్వను చూసి కాదు, గర్వంతో. ఆ ప్లాట్‌ఫారం మీద కొంగుకు పిన్ను పెట్టుకుని, మెడ నిటారుగా ఎత్తి నిలబడిన ఆ పిల్ల ఇప్పటికీ నా కళ్ళకు కడుతుంది. ఒక్క అల కూడా చూడకుండానే సముద్రానికి ఉప్పు సరిచేసి పంపిస్తున్నానని నమ్మిన పిల్ల. ఆమెను ఆ నమ్మకంలోంచి కిందికి దింపడానికి నాకు ఈ వయసులో కూడా మనసు రాదు.