శేఫాలీ దీదీ పడవ పీట

ఫీనిక్స్ బే జెట్టీలో ఎవరో డోంగీకి, అదే మా చిన్న పడవకి, సొర నూనె పూస్తున్నారు. పక్కనున్నవాళ్ళు ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం చేతికర్ర ఆనించుకుని గుండెల నిండా పీల్చాను. నాకది మా బాల్వాడీ వాసన, శేఫాలీ దీదీ వాసన.

నాలుగేళ్ళు వచ్చినా నేను ఆసరా లేకుండా కూర్చోలేకపోయేదాన్ని. నడుము నిలిచేది కాదు, కాళ్ళు బిగుసుకుపోయేవి. బాంబూఫ్లాట్ బాల్వాడీలో దీదీ నన్ను మారుమాట లేకుండా చేర్చుకుంది. ఆవిడది బెంగాల్ నుంచి మా దీవికొచ్చి స్థిరపడిన కుటుంబం. మా అమ్మల దగ్గర నేర్చుకున్న తెలుగులో సగం హిందీ కలిపి దర్జాగా మాట్లాడేది. నా కోసం అబర్డీన్ బజార్ నుంచి ఓ చెక్క కుర్చీ మోయించుకొచ్చి, నడుముకు గుడ్డపట్టీ కట్టి కూర్చోబెట్టింది. నిటారుగానే కూర్చున్నాను. కానీ పిల్లలందరూ నేలమీద బంతిలో వరసగా కూర్చుని కిచిడీ తింటుంటే నేనొక్కదాన్నే ఎత్తున, ఏ ముచ్చటా అందకుండా ఉండిపోయాను. ఒక తమిళ పిల్లాడైతే నేను కొత్త టీచర్ననుకుని రోజూ నమస్తే పెట్టేవాడు.

ఒకరోజు మా నాన్న అది చూశాడు. చేపలవేట మీద బతికే మా ఇళ్ళల్లో బంతిలో అందరూ కిందే కూర్చుంటారు; పైన కూర్చునేది తనిఖీకొచ్చిన ఆఫీసరో, మంచం దిగలేని రోగో.

"అందరూ కింద, మా గుంటొక్కతే మీదన. ఇదేటి, మనలో మనిషి కాదా? రేపట్నుంచి దీన్ని తేనమ్మా," అన్నాడు.

దీదీ వాదించలేదు. వాదనలో ఆవిడను గెలిచినవాళ్ళు బాంబూఫ్లాట్‌లో లేరు కాబట్టి నాకదిప్పటికీ ఆశ్చర్యమే. సాయంత్రం మా ఇంటికొచ్చింది. నాన్న ఒడ్డున వల బాగుచేసుకుంటూ, ఎప్పటిలాగే నన్ను డోంగీ వెనక మూలలో మడతపెట్టిన వలల మధ్య దించాడు. అటూ ఇటూ చెక్క, వీపు వెనక వల. నేను హాయిగా కూర్చుని పీతలతో కబుర్లు చెబుతున్నాను. దీదీ చాలాసేపు చూసింది.

"భయ్యా, ఇక్కడ బాగానే కూకుంది గదా. గల్తీ నాదే. పాత డోంగీ మూల ఒకటి కోసియ్యి," అంది.

నాన్న కోసిచ్చాడు గాని, వారం చూసి, బాగోకపోతే మాన్పించేస్తానన్నాడు. అమ్మ వలముక్కల్ని పాతచీరలో కుట్టి మెత్తలు చేసింది. దీదీ నన్ను అందులో పెట్టి, నేను ఒరిగిన చోటల్లా ఇంకో మెత్త దోపింది. సొర నూనె వాసనేసే ఆ పీట నేలకు బెత్తెడు ఎత్తు కూడా లేదు. బంతిలో నా మోకాలు పక్కపిల్ల మోకాలికి తగిలింది. ఆ పిల్ల నా కంచంలో చెయ్యి పెడితే ఒక్కటిచ్చాను. అంత సంతోషం అంతకుముందు నేనెరగను.

వారం చివర దీదీ తాడు తెచ్చి వల లాగే ఆట పెట్టింది. మాలో వల లాగేటప్పుడు ఒకరు కేక అందుకుంటే మిగతావాళ్ళు బదులిస్తూ లాగుతారు. ఈవేళ కేక నీదే అంది నాతో. పడిపోతానన్న భయం లేకపోతే నా గొంతు ఎంత దూరం పోతుందో ఆరోజే తెలిసింది. "హైలెస్సా" అన్నాను. బెంగాలీ, తమిళ పిల్లలు, రాంచీ వైపు నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు అంతా "హైలెస్సా" అంటూ లాగారు. రెండో కేకకు గుమ్మంలోంచి ఓ మగగొంతు కలిసింది. నన్ను తీసుకుపోవడానికొచ్చిన నాన్నది.

"రేపు పెందలాడే తెస్తానమ్మా," అన్నాడు దీదీతో, కళ్ళు తుడుచుకుంటూ.

దీదీ ఇప్పుడు లేదు. నాలా ఆసరా లేకుండా కూర్చోలేని పిల్లలకు పీటలు చేయించడం నా పనైంది. కొలతలు తీసేముందు వాళ్ళింటికెళ్ళి నేలమీద కూర్చుంటాను. పిల్ల ఎక్కడ సుఖంగా కూర్చుంటుందో చూపించమంటాను. ఈవేళ కొత్త పీటను ఫెర్రీలోకి ఎక్కించిన కూలీ, ఇదేంటి దీదీ, పడవా అని నన్ను అడిగాడు. అవునన్నాను, కేక అందుకునే మనిషి కూర్చునే పడవ.