తాత చెవి

బజారులో ఆ అన్నదమ్ముల్ని పెద్ద పెయింటరు, చిన్న పెయింటరు అంటారు. మందుల షాపు మొదలుకొని సైకిళ్ళ రిపేరు కొట్టు దాకా ఏ బోర్డు చూసినా వాళ్ళ చేతిరాతే. ముద్రించిన బ్యానర్లు వచ్చి సగం పని ఊడ్చుకుపోయినా, గోడల మీద రాసే పని ఇంకా మిగిలింది. తమ్ముడు నిచ్చెనెక్కి రాస్తాడు. అన్న కింద నిలబడి కాగితం చూసి చదివి వినిపిస్తాడు.

చిక్కేమిటంటే, చిన్న పెయింటరుకు కుడి చెవి వినపడదు. ఉన్న ఎడమ చెవిని బజారు రొద మింగేస్తుంది. ఓసారి పళ్ళ డాక్టరు గోడ రాస్తుండగా పక్కనుంచి లారీ పోయింది. అన్న "పళ్ళ డాక్టర్" అని టీకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గోడ మీద "పిల్లల డాక్టర్" అని ఉంది, అక్షరాలకు నీడలతో సహా. మర్నాడు పొద్దున్నే ముగ్గురు తల్లులు చంటిపిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. "వీళ్ళకి పళ్ళొచ్చాక తీసుకురండమ్మా" అని ఆ డాక్టరు పంపించేశాడట.

అప్పటినుంచి పెద్ద పెయింటరు నోటితో పాటు చేత్తోనూ చదవడం మొదలుపెట్టాడు. అక్షరం నోటితో, గుణింతం చేత్తో. అరచేయి తల మీద బోర్లిస్తే గుడి, బొటనవేలు వంచితే కొమ్ము, వేళ్ళు గుండ్రంగా కలిపితే సున్నా, పిడికిలి నడుం దగ్గర పెడితే వత్తు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవారు.

"అన్నంటే ఈయనయ్యా! తమ్ముడి కోసం ఈ వయసులో డాన్సు నేర్చుకున్నాడు" అని టీ కొట్టాయన అందరికీ చెప్పేవాడు.

ఆ మాట వినపడినప్పుడల్లా పెద్ద పెయింటరు బ్రష్షులు కడుక్కునే నెపంతో అటు తిరిగేవాడు. ఆ చెవి పోగొట్టింది తనేనన్న సంగతి ఈ భూమ్మీద అతనొక్కడికే తెలుసు.

అప్పుడతనికి పద్నాలుగేళ్ళు. తండ్రి మొదటిసారి ఒక బోర్డు పూర్తిగా అతని చేతికి వదిలిపెట్టాడు. రెండు రోజులు చెమటోడ్చి రాసి, ఆరడానికి గోడకి ఆనించాడు. నాలుగేళ్ళ తమ్ముడు వచ్చి పచ్చి రంగు మీద రెండు చేతులూ పెట్టి కిందికి లాగాడు. పెద్దవాడికి ఒళ్ళు తెలియలేదు. అరచేయి చాపి చెంపా చెవీ కలిపి ఒక్కటిచ్చాడు. పిల్లాడు గిర్రున తిరిగి పడ్డాడు. చెవిలోంచి సన్నగా రక్తం. తండ్రి వచ్చి అడిగితే "మంచం మీంచి పడ్డాడు" అని చెప్పాడు. పిల్లాడికి అప్పటికింకా మాటలు సరిగా రాలేదు. చెప్పుకోలేకపోయాడు, ఆ తర్వాత మరిచిపోయాడు.

రెండేళ్ళ తర్వాత పిలిస్తే పలకడం లేదని తల్లి కంగారుపడింది. ఆమె తండ్రికి ముసలితనంలో బొత్తిగా వినపడేది కాదు. "తాత పోలికేమో అమ్మా" అని మొదట అన్నది పెద్దవాడే. ఆ మాట ఇంట్లో అతుక్కుపోయింది. తల్లిదండ్రులిద్దరూ పోయారు, మాట మాత్రం ఉండిపోయింది. తమ్ముణ్ణి అతనే పెంచాడు, పని నేర్పాడు, పెళ్ళి చేశాడు. తను చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "బోర్డులతోనే తీరిక లేదు" అనేవాడు. మళ్ళీ ఎవరి మీదా చెయ్యెత్తలేదు.

తమ్ముడికి కూతురు పుట్టాక తాత పోలిక అన్న ఆ మాటకి పళ్ళు మొలిచాయి. పాపకిప్పుడు మూడేళ్ళు. రోజూ పొద్దున్నే చిన్న పెయింటరు పిల్ల వెనక్కి చప్పుడు చెయ్యకుండా వెళ్ళి, కుడి పక్కన ఒకసారి, ఎడమ పక్కన ఒకసారి చప్పట్లు కొడతాడు. పాప తిరిగి చూస్తే ఊపిరి పీల్చుకుంటాడు. పిల్ల అదేదో ఆట అనుకుని, తెలిసినా కావాలని తిరగకుండా నవ్వు ఆపుకుని కూర్చుంటుంది. ఆ నాలుగైదు క్షణాలు తండ్రి ముఖంలో నెత్తురు చుక్క ఉండదు. వంటింటి గడపలో తల్లి గరిటె పట్టుకుని నిలబడిపోతుంది. పెద్ద పెయింటరు అక్కడే కూర్చుని, కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉంటాడు.

చివరికి మరదలే పోరుపెట్టి తమ్ముణ్ణి చెవి డాక్టరమ్మ దగ్గరికి పంపింది. అన్న తోడు వెళ్ళాడు. డాక్టరమ్మ చెవిలోకి దీపం వేసి చూసి, గదిలో కూర్చోబెట్టి శబ్దాలు వినిపించి, కాగితాలు ముందు పెట్టుకుంది.

"కర్ణభేరి బాగుంది, నరం బాగుంది. వాటి మధ్య మూడు బుల్లి ఎముకలుంటాయి. చప్పుణ్ణి ఒకదాన్నుంచి ఇంకోటి అందుకుంటాయి. ఎక్కడో అందడం లేదు. వంశంలో వచ్చేదైతే మూడో ఎముక బిగుసుకుపోతుంది. అదే అయితే రెండో చెవికీ రావచ్చు, పిల్లలకీ రావచ్చు. చిన్నప్పుడు చెవికి గానీ తలకి గానీ దెబ్బ తగిలిందా?"

చిన్న పెయింటరు అన్న వైపు తిరిగాడు. "మా అన్నయ్యకే తెలియాలండీ. నన్ను పెంచిందే ఆయన."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. "లేదండీ," అన్నాడు పెద్ద పెయింటరు. "మా తాతకీ వినపడేది కాదు."

డాక్టరమ్మ అదే రాసుకుంది. తెరిచి చూస్తేగానీ తేలదంది.

ఆపరేషన్ రోజు అతను వరండాలో రెండు గంటలకు పైగా బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద "నిశ్శబ్దం" అన్న అక్షరాలు వంకరగా ఉన్నాయి. మామూలు రోజైతే నవ్వుకునేవాడు. డాక్టరమ్మ టోపీ తీస్తూ బయటికొచ్చింది.

"మూడో ఎముక బాగానే కదులుతోంది. మధ్య ఎముకే పట్టు తప్పి పక్కకి ఒరిగిపోయింది. దాన్నే బయటికి తీసి, కాస్త చెక్కి, మిగతా రెండింటి మధ్యా నిలబెట్టాను. లోపల పెట్టిన దూది కరిగి వాపు తగ్గాక ఎంత వినపడుతుందో చూద్దాం. ఇది వంశానిది కాదు. దెబ్బ. గట్టి దెబ్బే."

"మంచం మీంచి పడితే అలా అవుతుందాండీ?"

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. "నాకు ఎముకే కనపడుతుంది. పడ్డాడో, ఎవరైనా కొట్టారో దాని మీద రాసి ఉండదు."

మర్నాడు పొద్దున వార్డులో తమ్ముడు మంచం మీద లేచి కూర్చున్నాడు. తల చుట్టూ వేసిన కట్టు మంచి చెవిని కూడా సగం మూసేసింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"డాక్టరమ్మ చెప్పింది అన్నయ్యా! ఇది పాత దెబ్బట, పాపకి ఏ భయం లేదట. పాపం, ఇన్నాళ్ళూ తాతని తిట్టుకున్నాను. ఇంతకీ నేనెప్పుడు పడ్డాను?"

మంచం అన్న మాట అతని నాలుక చివర సిద్ధంగా ఉంది. అదొక్కటీ అంటే చాలు. పాప భయం ఎలాగూ తీరిపోయింది, ఎవరికీ నష్టం లేదు. ఆ సౌకర్యం మీదే అతనికి రోత పుట్టింది.

"నువ్వు పడలేదు. నేను కొట్టాను," అన్నాడు నెమ్మదిగా.

"ఆఁ? ఏం కట్టావు?"

"కొట్టాను."

"గట్టిగా చెప్పు, కట్టులోంచి వినపడట్లేదు."

"కొట్టాను రా! చెవి మీద కొట్టాను! నీకు నాలుగేళ్ళప్పుడు, బోర్డు చెరిపావని!"

పక్క మంచం ముసలాయన ఫోను చెవి దగ్గర్నుంచి దించేశాడు. మందులిస్తున్న నర్సు అటు తిరిగింది. తమ్ముడి ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఎటు పోవాలో తెలియనట్టు అక్కడే ఉంది.

"అప్పుడు నీకెన్నేళ్ళు?"

"పద్నాలుగు."

"సరే, అది పోనీ. మొన్న డాక్టరమ్మ అడిగినప్పుడు ఎన్నేళ్ళు?"

పెద్ద పెయింటరు దుప్పటి అంచు పట్టుకున్నాడు. "నలభై మూడు."

"రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ చూశావు కదా అన్నయ్యా నన్ను."

 తమ్ముడు కిటికీ వైపు తల తిప్పుకున్నాడు. గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువగా ఉంది. "రెండో బిడ్డ వద్దని నీ మరదలు ఏడ్చి ఏడ్చి ఒప్పించింది నన్ను. తాత పోలిక వస్తుందని. తనిప్పుడు ఇక్కడికొస్తుంది. నేను చెప్పను. నువ్వే చెప్పు."

అని కళ్ళు మూసుకుని వెనక్కి వాలాడు.

పావుగంటలో మరదలు వచ్చింది. ఒక చేతిలో క్యారియర్, ఇంకో చేతిలో మంచినీళ్ళ సీసా. మొగుడు నిద్రపోతున్నాడనుకుని గొంతు తగ్గించింది.

"బావగారూ, నిన్నట్నుంచి మీరేమీ తిన్నట్టు లేరు. ఈయన సంగతి నేను చూసుకుంటాలెండి, ముందు మీరు తినండి."

మూత తీయబోతున్న ఆమెని అతను చెయ్యడ్డం పెట్టి ఆపాడు. మంచం పక్కనున్న ఒకే ఒక్క స్టూలు ఆమె వైపు జరిపాడు.

"ముందు నువ్వు కూర్చోమ్మా," అన్నాడు. తను మాత్రం నిలబడే ఉన్నాడు.