కడగని రేగిపళ్లు

చదువుకున్నవాళ్ల మాట మనుషులు వింటారంటే నాకిప్పటికీ భయమే. మా మేనత్త నా మాట విన్నది.

తొంభైల చివర్లో గుంటూరులో హోమ్‌సైన్స్ చదువుతుండగా, అడవి పళ్లలో, గింజల్లో ఉండే పోషకాల మీద ప్రాజెక్టు చెయ్యమన్నారు. ఈత, బలుసు, సీమచింత, రేగు. సంచి పట్టుకుని అద్దంకి అవతల మేనత్త వాళ్లూరు వెళ్లాను. వాళ్ల పత్తిచేను గట్టు మీద రేగుచెట్టు ఎంత కాస్తుందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఆ ఏడు పత్తికి పచ్చపురుగు పట్టింది. రోజు విడిచి రోజు పురుగుల మందు కొడుతున్నారు. ఊళ్లో అడుగుపెడితేనే గొంతులో ఘాటు. మామయ్య పంపులో అడుగున మిగిలిన మందు పారబోయడానికి మనసొప్పక రేగుచెట్టుకు కొట్టేవాడు, పురుగు అందులో దాక్కుంటుందని. ఊళ్లో అందరూ చేసేదే. కొడుతుండగా నేను చూశాను. చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను, అంతే.

మర్నాడు చెట్టు కింద పళ్లు పరుచుకుని ఉన్నాయి. ఒక్కదానికీ చిలక కొట్టిన గాటు లేదు. చీమ కూడా పట్టలేదు.

“ఈ ఏడు చిలకలు మనకే వదిలేశాయే అమ్మాయ్!” అని అత్తయ్య మురిసిపోయింది. శాంపిళ్లు భలే దొరికాయని నేనూ మురిశాను.

రేగిపళ్లను ఉప్పునీళ్లలో వేసి, చేత్తో రుద్ది, రెండు నీళ్లు మార్చితే గానీ అత్తయ్య ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. ఆ రోజూ గిన్నెలో నీళ్లు పోస్తుంటే నేనే ఆపాను.

“నానబెట్టకు అత్తయ్యా. సి విటమిన్ నీళ్లలో కరిగిపోతుంది. తొక్కలో యాంటీఆక్సిడెంట్లు ఉంటాయి, ఒంటిని లోపల్నుంచి చెడిపోకుండా కాపాడేవి. గింజ పగలగొట్టి లోపలి పప్పు కూడా తిను. నీ నీరసం పోతుంది.”

“మా అమ్మ కడిగేదే మరి?”

“నానమ్మకేం తెలుసు?”

అత్తయ్య నవ్వి, ఆ నీళ్లు కరివేపాకు మొదట్లో పోసేసింది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు. ఆమె పళ్లు ఒళ్లో పోసుకుని తింటుంటే, నేను నా వాటా ల్యాబుకని సంచిలో కట్టుకున్నాను. ఒక్కటీ తినలేదు.

సాయంత్రానికి వాంతులు. నోటి వెంట చొంగ. కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయి. జీపులో ఒంగోలు తీసుకెళ్లాం. డాక్టరు కళ్లు చూడగానే అడిగాడు, “ఏ మందు తాగింది?”

ఆ ఏడు అక్కడది కొత్త ప్రశ్న కాదు. పక్క మంచం మీదా పత్తి రైతే ఉన్నాడు. మామయ్య గోడవారగా కూలబడి, “ఎందుకు తాగావే?” అని ఏడ్చాడు. రేగిపళ్లన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే తప్పు నాదవుతుంది. ఎలా లోపలికి పోయినా వైద్యం అదేలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నాలుగోనాడు అత్తయ్యకు తెలివొచ్చింది. వచ్చినవాళ్లంతా “ఏం కష్టమొచ్చిందే నీకు?” అని అడిగారు. ఆమె కళ్లు మూసుకుంది. అందరూ వెళ్లాక నా చెయ్యి పట్టుకుంది.

“పళ్లని నేను చెప్పలేదులే. చదువుకునే పిల్లవి, రేపు నీ మాటకు విలువుండాలి.”

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆ మాట పట్టుకుని బతికిపోయాను కూడా.

కాలేజీకి వెళ్లి, నా సంచిలో పళ్లు కడగకుండానే నూరి పరీక్ష చేశాను. తెచ్చిన అన్నిట్లోనూ ఆ చెట్టు పళ్లకే సి విటమిన్ ఎక్కువ వచ్చింది. మేం వెతికింది పోషకాల కోసమే, ఇంకేమున్నాయో ఎవరూ అడగలేదు. అందరి ముందూ చదివితే చప్పట్లు కొట్టారు.

ఊళ్లో అత్తయ్య మందు తాగిన మనిషి అయిపోయింది. చేలోకి ఒంటరిగా పోనిచ్చేవాళ్లు కారు. మామయ్య మందు డబ్బాలున్న కొట్టుగదికి తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. పదేళ్లకు అత్తయ్య జ్వరమొచ్చి పోయేదాకా అది అక్కడే ఉంది. నేను ఒక్క మాట చెబితే ఆయన విప్పేసేవాడు. చెప్పలేదు.