రాతికి కట్టిన తాడు

ఒనుకె ఊళ్లో కదలనిదంటూ ఉంటే ఎగువింటి వెనకున్న నల్లరాయి ఒక్కటే. మిగతాదంతా కదులుతుంది. మడులు, గట్లు, ఆఖరికి ఇళ్లు కూడా ఒక ఏడు జానెడు, ఒక ఏడు మూరెడు చొప్పున వాగు వైపు దిగుతుంటాయి. చలికాలమంతా ఇంటి చూరు మునిగేలా పడ్డ మంచు వసంతంలో కరిగి భూమిలో ఇంకుతుంది, లోపలి మట్టి నానుతుంది, కొండ ఒక అడుగు ముందుకేస్తుంది. పెద్దగా చప్పుడేమీ ఉండదు. ఒకనాటి పొద్దున తలుపు పట్టేస్తుంది, అంతే. మగవాళ్లు ఇంటి కిందికి దూరి స్తంభాల అడుగున చెక్క చీలలు దిగ్గొట్టి ఇల్లు సమం చేసుకుంటారు. ఇలా జారే ఊళ్లో ఎందుకుంటారయ్యా అని బయటివాళ్లు అడుగుతారు. జారిన నేల మెత్తగా దున్నుడుకు లొంగుతుంది, ఊట ఎండదు, అక్కడి అన్నం రుచి ఇంకెక్కడా ఉండదు. పెట్టే చెయ్యే అప్పుడప్పుడు మొట్టుతుంది కూడా అని సరిపెట్టుకుంటారు.

ఎగువింటి మిసావో ఈ కొండల్లో పుట్టిన మనిషి కాదు. సముద్రపొడ్డున చేపలెండబెట్టుకునే పల్లెలో పుట్టి, పంతొమ్మిదో ఏట ఇసాకును చేసుకుని ఇంత ఎత్తుకొచ్చింది. వచ్చిన మొదటి వసంతంలో మడి తిరగేస్తుంటే పారకు తెల్లటి ఆల్చిప్పలు తగిలాయి. పుట్టింట్లో రోజూ కాలికింద నలిగేవి సముద్రం ఊసేలేని కొండమీద బురదలో కనబడేసరికి, ఆ పిల్ల గట్టుమీద కూలబడి ఏడ్చింది. పూర్వం ఒక రాక్షసుడు ఈ కొండమీద కూర్చుని, సముద్రంలోకి చెయ్యి చాపి, ఆల్చిప్పలు తిని గుల్లలు ఇక్కడ పారేశాడులే అని అత్తగారు ఊరడించింది. ఇసాకు ఆ గుల్లలన్నీ ఏరి, ఊట నీళ్లలో కడిగి, కిటికీ కింద వరసగా పేర్చాడు. అతనితో బతకొచ్చు అని ఆమెకు ఆ సాయంత్రమే అనిపించింది.

బతికింది నాలుగేళ్లే. ఒక ఏప్రిల్‌లో ఊట నీళ్లు ఉన్నట్టుండి బురదగా రావడం మొదలెట్టాయి. అది మంచి గుర్తు కాదని ఆ ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. నీళ్లు బయటికి వదిలేద్దామని ఇసాకు పార భుజాన వేసుకుని పై మడి మడవ దగ్గరికి వెళ్లాడు. పైన కొండచరియ విరిగి మడవ మీదికి, అతని మీదికి వచ్చిపడింది. దిగువింటి తొకుజిరో ఇసాకుకు చిన్ననాటి స్నేహితుడు. అరచేతులు చీరుకుపోయేదాకా తవ్వాడు. ఊరంతా తవ్వింది. తవ్విన గొయ్యి తెల్లారేసరికి పూడిపోయేది. మనిషి దొరకలేదు. నాట్ల వేళకు మామగారే అందరి చేతుల్లోంచి పారలు తీసుకున్నాడు. ఒక జనప తాడు తెచ్చి నల్లరాతికి కట్టి, కొడుకును ఆఖరుసారి చూసిన చోటిదాకా లాగి, అక్కడికి తెగ్గోసి కోడలి చేతికిచ్చాడు. రేపు ఇక్కడ గట్టూ ఉండదు, మడవా ఉండదు, రాయి మాత్రం ఎక్కడికీ పోదని చెప్పాడు.

అప్పట్నించి మిసావో ఏటా నాట్ల వేళకు ఒకసారి అటక మీంచి ఆ తాడు దించుతుంది. రాతికి కట్టి, జారే నేలకు అవతల ఉన్న దేవదారు తోపుకు గురిపెట్టి, బిగువుగా లాగుతుంది. కొస ఎక్కడ ఆనితే అక్కడ ఇసాకు ఉన్నట్టు లెక్క. అక్కడొక అగరొత్తి వెలిగించి, పూలు పెడుతుంది. ఎగువింటి నేలకూ దిగువింటి నేలకూ మధ్య సరిహద్దుగా తాతల నాడు నాటి, ఆమె పెళ్లికి ముందు మళ్లీ వరసపెట్టిన ఉత్సుగి పొదల కంచె ఉంది. ఆ రుతువులో అది తెల్లగా విరగబూస్తుంది. పూలు ఆ కంచెలోంచే కోసుకుని పైకి ఎక్కుతుంది.

నేల కదులుతుందని ఆమెకు తెలియక కాదు. జారేది పైపై తోలేనని, లోపలి ఎముక కదలదని ఆ ఊరి నమ్మకం. ఇసాకు లోతుగా పూడుకుపోయాడు గనక ఉన్నచోటే ఉన్నాడు. జారుతున్నది తన ఇల్లే. తలుపు పట్టేసిన ప్రతి వసంతంలోనూ ఆయనకు ఇంకో జానెడు దూరమయ్యానే అని ఆమె మనసులో కలుక్కుమనేది. మళ్లీ పెళ్లి మాట ఎత్తినవాళ్లను నవ్వుతూనే గుమ్మం దాటించింది. అత్తామామల్ని చివరిదాకా చూసుకుంది. మడులు తనే దున్నింది. నలభై ఏళ్లు ఇట్టే పోయాయని అందరూ అంటారు గానీ, అందులో ఒక్కటి కూడా ఇట్టే పోలేదు.

ఆమె అరవై దాటాక, ఒక శరదృతువులో జిల్లా ఆఫీసు నుంచి కసాహర అనే ఆయన వచ్చాడు. కొండల నడక చదువుకున్న మనిషి. ఊరికి నాలుగు వైపులా తిరిగి, బోరులు వేయించి మట్టి తీయించి చూసి, ఊరివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాడు. మంచు నీళ్లు లోపలికి దిగేది పై మడి దగ్గరట. అక్కడొక పెద్ద బావి తవ్వి, దాని లోపల నుంచి చుట్టూ గొట్టాలు దించి, నీళ్లను పట్టి వాగులోకి మళ్లిస్తే కొండ నిలబడుతుంది. బావి పడితే ఎగువింటి ఊట ఎండిపోవచ్చని, ఆ మడులకు ఇక వరి ఉండకపోవచ్చని కూడా ఏమీ దాచకుండా చెప్పాడు.

బావి కోసం ఆయన గుర్తుపెట్టిన చోటు తాడు కొస ఆనే చోటు. ఇంకోచోట తవ్వకూడదా అని అడిగారు. కూడదు, నీళ్లు అక్కడే చేరుతున్నాయన్నాడు.

ఊట పోతే పోనీ, బియ్యం కొనుక్కుని తింటాను, ఆ చోట మాత్రం పార దిగనివ్వనని మిసావో తేల్చేసింది. నేల ఆమెది, ఆమె ముద్ర పడనిదే పని మొదలవదు. సభలో తలలు దించుకున్నారు. తొకుజిరో దించుకోలేదు. దిగువిల్లు జారే మట్టికి కింది కొసన, సరిగ్గా దాని ముక్కు దగ్గర ఉంది. కొండ వెనకనుంచి నెడుతుంటే ఆ ఇంటి గోడ నిండు చూలాలి పొట్టలా ముందుకొచ్చింది. ఈ చలికాలం మంచు బరువుకు నిలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. కంచె నా నేలలోకి వచ్చిందని ఆయన, కంచె వచ్చిందా నీ నేలే వెళ్లి దానికి తగిలిందా అని ఆమె, ఏళ్ల తరబడి పోట్లాడుకున్నవాళ్లే. ఆ రోజు మాత్రం ఆయన గొంతు పెంచలేదు.

“వదినా, వాడికోసం తవ్వింది నేను. ఈ చేతులు చూడు. వాణ్ణి కదిలించొద్దని నువ్వంటే నేనెట్లా కాదంటాను? కానీ చచ్చినవాడు సుఖంగా పడుకోవాలని బతికున్న మమ్మల్ని పాతిపెడతావా?”

మిసావో లేచి ఇంటికి వెళ్లిపోయింది.

కసాహర మర్నాడు ఎగువింటికి వచ్చాడు. బతిమాలడానికొచ్చాడని ఆమె ముందే మొహం ముడుచుకుంది గానీ, టీ ఇవ్వకుండా ఉండలేకపోయింది. ముల్లంగి పచ్చడి కూడా పెట్టింది. ఆయన బతిమాలలేదు. జేబులోంచి బోరులో తీసిన బూడిదరంగు రాతిముక్క ఒకటి తీసి, నిప్పుగుంట అంచున ఆరబెట్టాడు. గోటితో గీసినా గీత పడనంత గట్టి రాయి. బాగా ఆరాక దాన్ని టీ గిన్నెలో నీళ్లలోకి వదిలాడు. వాళ్లిద్దరూ టీ తాగుతుండగానే అది బుస్సుమని బుడగలు వదిలి, పగిలి, విడిపోయి, అడుగున బురదై కూర్చుంది.

ఈ కొండంతా ఇదేనని కసాహర చెప్పాడు. లోపలున్నంతకాలం రాయి. ఒక ఎండకు, ఒక వానకు చిక్కిందా, మళ్లీ బురద. అసలు మొదట్లోనూ ఇది బురదే. సముద్రం అడుగున, ఒక మనిషి పుట్టి ముసలై పోయేలోపు నాలుగు వేళ్ల మందం పేరుకుంటూ, ఎన్ని వేల తరాలో అలా పేరుకుని, తన బరువుకు తనే గట్టిపడి, ఆ తర్వాత అంతే నిదానంగా పైకి లేచింది. ఆల్చిప్పలు ఎవరో తిని పారేసినవి కావు, బతికిన చోటే చచ్చిపోయినవి.

మిసావో గిన్నెలో వేలు ముంచి ఆ బురదను నలిపి చూసింది.

“అయితే ఇదంతా సముద్రమేనంటావు బాబూ.”

“ఒకప్పుడు సముద్రమే పెద్దమ్మా.”

“దిక్కుమాలిన కొండల్లో పడేశాడని మా నాన్నని ఎంత తిట్టుకున్నానో. ఇన్నేళ్లూ పుట్టింట్లోనే ఉన్నానన్నమాట.”

కసాహర నవ్వాడు. ఆమె నవ్వలేదు, కానీ పచ్చడి ఇంకొంచెం వేసింది. బావి మాట ఎత్తకుండా, తాడు కొస దగ్గర ఒక సన్నటి గొట్టం మాత్రం లోతుగా దించుకోనివ్వమని ఆయన అడిగాడు. కొండ ఎంత లోతున జారుతోందో అది చెబుతుందట. వేలు పట్టేంత గొట్టమే కదా అని ఒప్పుకుంది.

ఆ చలికాలం మంచు బాగానే పడింది. తొకుజిరో ఇంటి కప్పు మీద మంచు తవ్వడానికి ఊరంతా వంతులేసుకుని వెళ్లింది. మిసావో కూడా పార తీసుకుని వెళ్లింది. ఆమె రాగానే తొకుజిరో పక్కకు జరిగి చోటిచ్చాడు. ఇల్లు నిలబడింది గానీ వెనక గోడలో చెయ్యి పట్టేంత చీలిక పడింది.

మంచు కరిగాక, ఉత్సుగి పూసే వేళకు కసాహర వచ్చాడు. దారానికి కట్టిన ఇనపకడ్డీని ఆ గొట్టంలోకి దించాడు. మిసావో చూస్తోంది, ఊరి పెద్దలు చూస్తున్నారు. కడ్డీ దిగింది, దిగింది, ఇంకా దిగింది. మూడు నిలువుల లోతు దాటింది. ఎక్కడా ఆగలేదు. చివరికి ఎక్కడో బాగా అడుగున ఆగిపోయింది. అక్కడ గొట్టం వంగిపోయిందని, దానికి కింద ఉన్నది కదలని రాయి అని, పైనున్నదంతా ఒక్క ముద్దగా జారుతోందని కసాహర చెప్పాడు. పది నిలువుల మందాన కొండ.

మిసావోకు ముందుగా అర్థమైంది. ఇసాకు మీద పడ్డది మూడు నిలువుల మట్టి అయితే ఎక్కువ.

“మా ఆయన ఆ పై ముద్దలో ఉన్నట్టా, కింద ఉన్నట్టా?”

“పై ముద్దలోనే పెద్దమ్మా.”

“అయితే కదిలాడు.”

“కదిలారు. మీ ఇల్లూ అదే ముద్దమీద ఉంది. రెండూ కలిసే దిగాయి. మీకూ ఆయనకూ మధ్య దూరం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.”

ఆమె కళ్లనీళ్లు పెట్టుకోలేదు. మరి ఇప్పుడెక్కడున్నాడని అడిగింది. కసాహర కంచె వైపు చూపించాడు. దాని రెండు కొసలూ, ఒకటి నల్లరాతి దగ్గర, ఒకటి తోపు దగ్గర, గట్టి నేలమీద నాటినచోటే ఉన్నాయి. నడుమ మాత్రం తడిబట్టలు ఆరేసిన తాడులా కిందికి వాలిపోయింది. పెళ్లైన కొత్తలో రాతి దగ్గర నిలబడి చూస్తే కంచె చివరిదాకా ఒకే వరసలో కనిపించేదని మిసావోకు గుర్తుంది. పొదలు అడ్డంగా పెరిగాయనుకుంది ఇన్నాళ్లూ. ఇసాకు ఆ రోజు నిలబడ్డ మడవ కంచెను ఆనుకునే ఉండేది. ఆ మట్టిలోనే వేళ్లూనుకున్న పొదలు ఆ మట్టితోనే దిగాయి. అతనూ వాటి కిందే ఉంటాడు.

మిసావో చేతిలో అప్పుడే కోసిన పూలున్నాయి. ఎక్కడ కోసిందో ఆ చోటికి వెనక్కి నడిచింది. ఏటా ఇక్కడే కోసేది. ఇక్కడ పూలు గుత్తులుగా పూస్తాయని. అతని నెత్తిమీద నిలబడి పూలు కోసుకుని, అతను లేని చోటికి మోసుకెళ్లి, అక్కడ చేతులు జోడించి మాట్లాడి వచ్చేది. నలభై ఏళ్లు. ఆమెకు సిగ్గేసింది, ఆ వెనకే నవ్వొచ్చింది, ఆ తర్వాత ఇంక ఆపుకోలేక పొదల మధ్య కూర్చుని ఏడ్చేసింది. అవతలి వైపున తొకుజిరో టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

కాసేపటికి ఆమె మొహం తుడుచుకుని కసాహరను పిలిచింది. బావి తవ్వకపోతే ఏమవుతుందని అడిగింది. ఆమె ముద్ర కోసమే ఇంతదూరం వచ్చినవాడు గనక భయపెట్టే మాటలు చెప్పొచ్చు. ఉన్నదే చెప్పాడు. కొండ దిగుతూనే ఉంటుంది. ముందు తొకుజిరో ఇల్లు పోతుంది. ముక్కు దగ్గరి మట్టిని వాగు ఇప్పటికే ఏటా కొంత కోసుకుపోతోంది. ఈ మట్టికీ ఏదో ఒకనాడు ఆ వంతు వస్తుంది. వాగు నదిలో కలుస్తుంది, నది సముద్రంలో కలుస్తుంది. అక్కడ మళ్లీ అడుగున పేరుకుంటుంది.

“ఏ సముద్రంలో?”

ఆయన నది పేరు చెప్పాడు. అది కలిసే ఒడ్డు పేరు చెప్పాడు. మిసావో పుట్టిన పల్లె ఆ ఒడ్డునే.

ఆమె వాగు వైపు తిరిగింది. ఎగువింటి మడులన్నిటికీ అప్పుడే నీళ్లు పెట్టి ఉన్నాయి. నారు ఎదిగి నాటుకు సిద్ధంగా ఉంది. ఆమె చేతులు ఎరిగిన పని అదొక్కటే. బావి పడితే ఆ నీళ్లు ఇక రావు. పడకపోతే, ఇసాకు తనంతట తనే ఆమె ఊరి ఒడ్డుకు చేరతాడు, ఆల్చిప్పల మధ్యకు. ఏది కోరుకోవాలో ఆమెకే తెలియడం లేదని ఆమె మొహం చూసినవాళ్లకు అర్థమవుతోంది. తొకుజిరో మాత్రం ఉండబట్టలేకపోయాడు.

“నీ ఇష్టం వదినా. నేనింక అడగను. ఇల్లు పోతే ఇంకోటి కట్టుకుంటాను.”

మిసావో ఆయన చేతుల వైపు చూసింది, ఆ తర్వాత కసాహర వైపు తిరిగింది.

“తవ్వించు బాబూ. ఆయన మొహమాటస్తుడు. పిలవకుండా అత్తారింటికి వెళ్లే మనిషి కాదు.”